ట్యూషను నోట్సులో మన పిల్లవాని వాక్యం ఏది?

పదవ తరగతిలో బిడ్డ ఉన్న ఇంటిలో జూన్ మాసం రాగానే వినిపించే మొదటి ప్రశ్న ఒక్కటే: ఏ ట్యూషనుకు పంపుదాము? బాగేపల్లిలోనైనా, చింతామణిలోనైనా, జిల్లా కేంద్రమైన చిక్కబళ్ళాపురంలోనైనా ఈ ప్రశ్నలో భేదం లేదు. పట్టుగూళ్ళు అమ్మిన సొమ్ములోనుండి కొంత, టమోటా కోతకు పోయిన కూలిలోనుండి కొంత తీసి తల్లిదండ్రులు రుసుము కడుతున్నారు. కట్టిన సొమ్ముకు ప్రతిఫలంగా ఏమి వచ్చినదని అడిగితే చాలామంది బిడ్డ సంచిలోనుండి లావుపాటి నోటుపుస్తకం తీసి చూపుతారు. పుస్తకం నిండా వ్రాత ఉన్నది. ఆ వ్రాత ఎవరిది అన్నదే నా ప్రశ్న.

ముందుగా ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. ట్యూషను చెప్పడమే పాపమని వాదించే వర్గంలో నేను లేను. మన చిక్కబళ్ళాపురం పక్కనే ఉన్న ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చదువుకునే రోజులలో ఒక కొడగు అధికారి ఇంటి పిల్లలకు పాఠాలు చెప్పి తమ భోజనవసతి సంపాదించుకున్నారు. అలా చదివి 1881లో బి.ఏ. పట్టం పొందారు. ఇంటింటికీ పోయి పాఠం చెప్పడం పేదవిద్యార్థికి గౌరవప్రదమైన జీవనోపాధిగా ఉండిన కాలం అది. నేడు కూడా మా తాలూకాలలో ట్యూషను నడిపేవారిలో అధికసంఖ్యాకులు డిగ్రీయో, బి.ఎడ్.యో పూర్తిచేసి నియామకం కోసం యేళ్ళ తరబడి ఎదురుచూస్తున్న యువతీయువకులే. వారిమీద నాకు కోపం లేదు. వారిని దోపిడీదారులని నిందించడం సులభమే కాని న్యాయం కాదు.

పైగా ఇది మా జిల్లాకు మాత్రమే పరిమితమైన వ్యవహారం కాదు. 2025లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విద్యావ్యయ సర్వేక్షణ ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు ప్రైవేటు కోచింగు పొందుతున్నారు. పట్టణాలలో 30.7 శాతం, గ్రామాలలో 25.5 శాతం. పట్టణానికీ పల్లెకూ మధ్య అంతరం మనమనుకున్నంత పెద్దది కాదన్నమాట.

నా అభ్యంతరం వ్రాత విషయంలో. లెక్కలు చెప్పడానికి, విజ్ఞానశాస్త్రం చెప్పడానికి ట్యూషను ఎంతో కొంత పనికి వస్తున్నది. సమీకరణం అర్థం కాని పిల్లవానికి రెండవసారి చెప్పేవాడు దొరికాడు, సంతోషం. కాని భాషల దగ్గరికి వచ్చేసరికి వ్రాయడం నేర్పడం లేదు. పిల్లవాని తరఫున వ్రాసి ఇస్తున్నారు. ఈ రెండింటికీ ఉన్న దూరం తల్లిదండ్రులకు కనిపించదు. ఎందుకంటే రెండు సందర్భాలలోను పుస్తకం నిండుతుంది.

కర్ణాటక పదవ తరగతి కన్నడ ప్రశ్నపత్రం తెలిసినవారికి ‘గాదె విస్తరణ’ తెలిసే ఉంటుంది. ఒక సామెత ఇస్తారు, దాని భావాన్ని విస్తరించి వ్రాయాలి. నా వద్ద ఏడవ తరగతి వరకు చదివి వెళ్ళిన పిల్లలు పదవ తరగతికి వచ్చాక అప్పుడప్పుడు తమ నోటుపుస్తకాలు తెచ్చి చూపుతారు. ఒక సంవత్సరం ముగ్గురు పిల్లలు, మూడు వేర్వేరు ఊళ్ళ ట్యూషన్లకు పోయేవారు, తెచ్చిన పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాను. సామెత ఏదైనా సరే, ప్రతి విస్తరణ ఒకే వాక్యంతో ఆరంభమైనది: వేదం అబద్ధమైనా గాదె అబద్ధం కాదు. తర్వాత గాదెలు పెద్దల అనుభవసారమని ఒక వాక్యం. చివర ఈ గాదె మనకు మంచి నీతిని బోధిస్తున్నదని ఇంకొక వాక్యం. నడుమ రెండు వాక్యాలు మాత్రం సామెతను బట్టి మారుతాయి. అవీ గైడు పుస్తకంలోనివే. లేఖలు అంతే, ప్రబంధాలు అంతే. పర్యావరణం మీద ప్రబంధం వ్రాసిన పిల్లవాని ఊరి చెరువు ఎండి ఎన్నేళ్ళయినదో ఆ ప్రబంధంలో కనబడదు.

ఆ పుస్తకాలలో ఒకదానిలో ‘కై కెసరాదరె బాయి మొసరు’ అనే గాదె ఉన్నది. చేయి బురదైతే నోటికి పెరుగు అని అర్థం. కష్టపడితేనే సుఖమని గైడు చెబుతున్నది. ఆ పుస్తకం తెచ్చిన బాలుడు చేలూరు వైపు పల్లెవాడు, ఇంటిలో తెలుగు. పుస్తకం మూసి, ఈ గాదె గురించి నీవేమనుకుంటున్నావో తెలుగులో చెప్పమన్నాను. కొంతసేపు నేలచూపులు చూశాడు. తర్వాత అన్నాడు: “మాయమ్మ చెయ్యి బురదైతాది సార్, పెరుగు తినేది నేను.”

ఇది గైడులో లేదు. గాదెను ఆమోదిస్తూనే దానిని ప్రశ్నించిన మాట ఇది. ఒకరి శ్రమ, వేరొకరి భోగం అన్న పెద్ద విషయాన్ని పదిహేనేళ్ళ పిల్లవాడు తన ఇంటి ముంగిట నిలబడి చూసిన మాట. దీనినే వ్రాయమన్నాను. కన్నడంలో ఎలా వ్రాయాలో తెలియదన్నాడు. ఇద్దరమూ కూర్చుని ‘అమ్మన కై కెసరాగుత్తదె, మొసరు తిన్నువుదు నాను’ అని వ్రాశాము. ఒక్క వాక్యం. తర్వాతి నాలుగు వాక్యాలు వాడే వ్రాసుకున్నాడు, తప్పులతో. మరునాడు ట్యూషనులో చూపితే ఇది పరీక్షకు పనికిరాదు, ఇచ్చినది ఇచ్చినట్లు వ్రాయి అన్నారట.

ఎందుకు ఇట్లా జరుగుతున్నది? ఒక కారణం కేవలం లెక్క. ట్యూషను గదిలో నలభైమంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరి ఒక పుట చదివి, తప్పు చూపి, ఒక ప్రశ్న అడగడానికి మూడు నిమిషాలు చాలవు, అయినా మూడే అనుకుందాం. నూట ఇరవై నిమిషాలు అవుతుంది. అదే ఒక సిద్ధ ప్రబంధాన్ని నలభైమందికీ ఉక్తలేఖనంగా చెప్పడానికి పదిహేను నిమిషాలు చాలు. నెల రుసుము రెండింటికీ ఒకటే. ఆ యువకుడు ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు. వ్రాత నేర్పడం అంటే ప్రతి పిల్లవాని పుట చదవడం. అది గుంపుగా చేయదగిన పని కాదు. ఈ సత్యం బడికీ వర్తిస్తుంది. అరవైమంది ఉన్న తరగతిలో ఏ ఉపాధ్యాయుడూ వారానికి అరవై ప్రబంధాలు చదవలేడు. బడి వదిలిపెట్టిన పనే ట్యూషనూ వదిలిపెడుతున్నది.

రెండవ కారణం భాష. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఇంటిభాష తెలుగు అయిన కుటుంబాలే అధికం. చిక్కబళ్ళాపురం తాలూకాలోనూ తక్కువేమీ కాదు. 2007లో కోలారునుండి విడివడి ఈ జిల్లా ఏర్పడక మునుపూ ఇదే పరిస్థితి, నేడూ ఇదే. పిల్లవాడు తెలుగులో కలలు కంటాడు, కన్నడంలో పాఠం చదువుతాడు, ఇంగ్లీషులో ఉద్యోగం వస్తుందని వింటాడు. ఆలోచన పుట్టే భాషకూ వ్రాత అడిగే భాషకూ మధ్య ఒక వంతెన కావాలి. ఆ వంతెన బడిలో లేదు, ట్యూషనులో అసలే లేదు. కంఠస్థం చేయించడం ద్వారా ఏటిని దాటించకుండా ఒడ్డునుండి ఒడ్డుకు విసురుతున్నారు.

వంతెన అంటే ఊహామాత్రం కాదు, చాలా చిన్న విషయాలలో అది కనబడుతుంది. మా పిల్లలు కన్నడంలో ‘అమ్మ బంతు’ అని వ్రాస్తారు. కన్నడ ఉపాధ్యాయులు నవ్వుతారు, లేదా కోప్పడతారు. ‘బంతు’ అనేది కన్నడంలో పశువుకూ వస్తువుకూ చెందిన క్రియ. అమ్మకు ‘బందళు’ అనాలి, గౌరవానికి ‘బందరు’ అనాలి. పిల్లవాడు తల్లిని అవమానించడానికి అలా వ్రాయలేదు. తెలుగులో అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ ఒక్కటే. ఈ భేదాన్ని ఒక్కసారి రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చూపితే పదేళ్ళ పిల్లవానికైనా అర్థమవుతుంది, మళ్ళీ తప్పు చేయడు. చూపనంతకాలం పదవ తరగతిలోనూ చేస్తాడు. ఎర్రసిరాతో యాభైసార్లు దిద్దినా ప్రయోజనం ఉండదు. ఎందుకు తప్పో వానికి తెలియదు కనుక. ఇదే విధంగా తెలుగులో మనము వేరు, మేము వేరు. కన్నడంలో రెండింటికీ ‘నావు’ చాలు. యేళ్ళ తరబడి కన్నడంలోనే వ్రాసిన మా పిల్లలు తెలుగు వ్రాయబోయినప్పుడు ఈ చక్కని భేదాన్ని చెరిపివేస్తుంటారు. వ్యాకరణం బోధించడానికి ఇంతకన్న మంచి అవకాశం ఏ ప్రాంతానికి ఉన్నది? రెండు భాషలు ఇంటి ముందే ఉన్నాయి. వాటిని పోల్చి చూపే ట్యూషను కేంద్రం మాత్రం ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఇక్కడ తెలుగు అభిమానులతో ఒక చిన్న వివాదం పెట్టుకోక తప్పదు. పిల్లలకు ముందు అక్షరమాల, గుణింతాలు, వత్తులు పూర్తిగా వచ్చిన పిమ్మటనే తెలుగు వ్రాయించాలని కొందరు మిత్రులు పట్టుబడతారు. మా ప్రాంతంలో తెలుగు తరగతి ఉన్న బడులు తక్కువ. పద్నాలుగేళ్ళ పిల్లవానిని అ ఆ దగ్గర కూర్చోబెడితే వాడు మరునాడు రాడు. మన రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, చాలా అక్షరాలలో తలకట్టు తేడా మాత్రమే. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్మి బ్రతికి, తర్వాత యోగి అయిన నారేయణ తాతయ్యగారు తెలుగులోను కన్నడంలోను రచనలు చేశారు. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదివి పాడుకునే భక్తులు మా ఊళ్ళలో ఎందరో ఉన్నారు. తాతయ్యగారి తెలుగు కన్నడ లిపిలో చదివితే తెలుగు కాకుండా పోలేదు. అందువలన పిల్లవాడు తన మొదటి తెలుగు వాక్యాన్ని కన్నడ లిపిలో వ్రాసినా నేను స్వీకరిస్తాను. వాక్యం తనదని తెలిసిన పిమ్మట లిపి నేర్చుకోవడానికి వానికి ఒక్క మాసం చాలు. ఇది నా అనుభవం. పండితులు క్షమింతురు గాక.

అదే విధంగా మాండలికం. ‘పోతా ఉండాడు’, ‘చేసేదానికి’ అని వ్రాసిన పిల్లవాని వాక్యాన్ని కొట్టివేసి కోస్తా పత్రికల భాష నేర్పబోవడం రెండవ గైడు పుస్తకం చేతికివ్వడమే అవుతుంది. గ్రాంథికరూపం తర్వాత చూపవచ్చు. పక్కన చూపాలి, పైన కాదు.

నేను చేసేదేమిటని అడిగేవారికి: టి.సి.హెచ్. శిక్షణలో మాకు చెప్పినదానికన్న భిన్నమైనదేమీ కాదు. వినడం, మాట్లాడడం ముందు, చదవడం వ్రాయడం తర్వాత అన్న సూత్రమే. బడి వదిలిన పిమ్మట బడిలోనే, రుసుము లేకుండా, వారానికి రెండు రోజులు పన్నెండుమందికి మించకుండా కూర్చుంటాము. మొదటి పది నిమిషాలు మాటలు మాత్రమే. శిడ్లఘట్ట మార్కెట్టులో నిన్న గూళ్ళు ఏ ధర పలికాయి, మీ నాయన ఏమన్నాడు, బస్సు తప్పితే ఎట్లా వచ్చినావు. ఆ మాటలోనుండి ఐదు వాక్యాలు వ్రాయాలి. వ్రాసినది గట్టిగా చదవాలి. విన్నవారిలో ఒకరు ఒకే ఒక ప్రశ్న అడగాలి. “ఎందుకు?” అన్నది సాధారణంగా వచ్చే ప్రశ్న. దానికి జవాబుగా వాక్యాలు ఐదునుండి ఎనిమిదవుతాయి. ఆ తర్వాతనే కన్నడం. నేను ఒక దినం ఒక రకం తప్పును మాత్రమే దిద్దుతాను. క్రియల దినం క్రియలే, ఒత్తుల దినం ఒత్తులే. అన్నీ ఒకేసారి దిద్దిన పుటను పిల్లలు తిరిగి చూడరు. ఇది ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు, అయినా తనిఖీ అధికారి కోసం అందరమూ అన్నీ దిద్దుతాము.

ఇదంతా బాగున్నది, మార్కులు వస్తాయా అని తండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పదవ తరగతి తప్పిన పిల్లవాడు మరుసటి వారమే బెంగళూరు కట్టడాల పనికో, గార్మెంట్సుకో పోయే ఊళ్ళు మావి. ఆడపిల్లయితే పెళ్ళిమాటలు మొదలవుతాయి. కనుక మార్కులను తేలికగా మాట్లాడే అధికారం నాకు లేదు. అయితే 2024లో ఏమి జరిగినదో గుర్తు చేసుకుందాం. ఆ సంవత్సరం పరీక్షా కేంద్రాలలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగు ద్వారా గమనించారు. రాష్ట్రంలో ఉత్తీర్ణత 2023లోని 83.89 శాతంనుండి 73.40 శాతానికి పడిపోయినది. గ్రేసు మార్కులను రెట్టింపు చేసిన పిమ్మట కూడా అంత పతనం. పక్కవాని పుట చూసి వ్రాయడం ఆగిపోతే ఎవరి చేతిలో ఎంత వ్రాత ఉన్నదో బయటపడినది. కంఠస్థం చేసిన ప్రబంధం మొదటి వాక్యం మరచిపోతే మొత్తం మరచిపోయినట్లే. తన వాక్యం తాను కట్టగలిగిన పిల్లవాడు సగమైనా వ్రాసి లేస్తాడు. బడులలో ‘పాసింగ్ ప్యాకేజీ’ పేరుతో ఇచ్చే కనీస పాఠాల పట్టికలను నేను తిరస్కరించడం లేదు. మునిగేవానికి అది తెప్ప. కాని తెప్పను చూపి ఈత నేర్పామనరాదు.

ప్రభుత్వం నిషేధిస్తే సరిపోతుందని వాదించేవారున్నారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 28వ విభాగం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషను చెప్పరాదని స్పష్టంగా చెబుతున్నది. మాలాంటివారికి అది మంచి నిబంధనే. బడిలో సగం చెప్పి మిగిలినది ఇంటివద్ద అమ్ముకునే అలవాటుకు అది అడ్డుకట్ట. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్ళ లోపు పిల్లలను కోచింగు కేంద్రాలలో చేర్చుకోరాదని మార్గదర్శకాలు ఇచ్చినది. అయినా ఏమి మారినది? చైనా 2021లో బడి పాఠాల ట్యూషను వ్యాపారాన్ని దాదాపు మొత్తంగా నిషేధించినది. అది ఇండ్లలోకి చాటుగా పోయి మరింత ఖరీదైనదని వార్తలు చదివాము. అవసరం ఉన్నంతకాలం ట్యూషను ఉంటుంది. ఏమి కొంటున్నామో కొనేవారికి తెలియడమే ప్రస్తుతం మన చేతిలో ఉన్నది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. కర్ణాటక పదవ తరగతిలో ప్రథమభాషకు 125 మార్కులు, తక్కిన విషయాలకు 100. ఆ ప్రథమభాషల జాబితాలో తెలుగు కూడా ఉన్నది. అయినా ఇంటిలో తెలుగే మాట్లాడే పిల్లలలో దానిని ఎంచుకునేవారు బహుకొద్దిమంది. బోధించేవారు లేరని బడి అంటుంది, అడిగేవారు లేరని శాఖ అంటుంది. 2014లో సుప్రీంకోర్టు ప్రాథమిక దశలో బోధనామాధ్యమాన్ని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని తీర్పు చెప్పిన తర్వాత మా వైపు తల్లిదండ్రులు ఆ హక్కును ఇంగ్లీషు మాధ్యమం కోసమే వినియోగిస్తున్నారు. వారిని తప్పుపట్టను. అమెరికాలో 2007నుండి సిలికానాంధ్ర మనబడి నడుస్తున్నది. అక్కడి తెలుగు తల్లిదండ్రులు వారాంతంలో కారులో పిల్లలను తీసుకుపోయి, రుసుము కట్టి, తెలుగులో పది వాక్యాలు వ్రాయించుకుంటున్నారు. ఆ పిల్లలకు దొరకనిది వాతావరణం, మా పిల్లలకు దొరకనిది కాగితం. కన్నడం మా అన్నం పెట్టే భాష, దానిని ప్రతి పిల్లవాడూ తప్పు లేకుండా వ్రాయాలి, అందులో నాకు రెండవ అభిప్రాయం లేదు. తెలుగులో ఐదు వాక్యాలు కట్టగలిగినవాడే ఆ కన్నడాన్ని త్వరగా కట్టగలుగుతాడని నేను ప్రతి సంవత్సరం చూస్తున్నాను.

తల్లిదండ్రులకు నేనిచ్చే సలహా చాలా సామాన్యమైనది. చదువు రాని తల్లి కూడా చేయవచ్చు. బిడ్డ నోటుపుస్తకం, పక్కింటి బిడ్డ నోటుపుస్తకం ఒకేచోట పెట్టి ఒకే ప్రబంధం తీయించండి. రెండు పుటలలోను వాక్యాలు ఒకేచోట మొదలై ఒకేచోట ముగిస్తే అది బిడ్డ వ్రాత కాదు. తర్వాత ఆ పుటను మూయించి, అందులో ఏమున్నదో తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే ట్యూషను అయ్యను అడగండి: మా వాడు సొంతంగా వ్రాసిన పుట ఒకటి చూపండి అని. అడగడానికి సంకోచం అక్కరలేదు, రుసుము మీరు కట్టినదే.

బాగేపల్లిలో ట్యూషను నడిపే ఒక యువకుడు, ఒకప్పటి నా విద్యార్థే, ఈ మాటలు విని కిందటి సంవత్సరం ఒక ప్రయత్నం చేశాడు. నలభైమంది బృందాన్ని వ్రాత కోసం మాత్రం మూడు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి వారానికి ఒక సాయంత్రం కేటాయించాడు. ఉక్తలేఖనం తగ్గించాడు. దీపావళి లోపు నలుగురు తల్లిదండ్రులు, పుస్తకం నిండడం లేదని, పిల్లలను వేరే చోటికి మార్చారు. తక్కినవారు ఉన్నారు. ఫలితాల సంగతి ఇంకా చెప్పలేనన్నాడు, ఒక్క సంవత్సరం చాలదు. మొన్న కలిసినప్పుడు తన వద్ద ఉన్న సిద్ధ ప్రబంధాల కట్ట ఏమి చేయాలని అడిగాడు. పారవేయవద్దని చెప్పాను. పిల్లల చేతికిచ్చి, ఇందులో మన ఊరికి సరిపడని వాక్యాలు ఏవో గీత గీయమని చెప్పు, ఒక వారం పని దొరుకుతుంది అన్నాను.